పిట్టలదొర తుపాకి

హన్మాండ్లు తాళానికి మసి పట్టిస్తున్నాడు. కిరసనాయిలు బుడ్డి మంట మీద అరచేయంత ఇనుప పలకను అటూ ఇటూ తిప్పుతుంటే దాని లోపలివైపు నల్లగా, మెత్తగా మసి కమ్ముకుంటోంది. పలకంతా నల్లబడ్డాక దాన్ని కట్టెలో తవ్విన గూటిలో పెట్టి, పైన చిన్న చెక్కముక్క ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. ఊడదీసి చూశాడు. గూటిలో ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ మసి అంటింది. అంటినచోట ఉలితో ఉల్లిపొర మందాన గీకాలి. మళ్లీ మసి, మళ్లీ గూడు, మళ్లీ ఉలి. ఇనుముకూ కట్టెకూ మధ్య వెంట్రుక కూడా దూరనంత వరకూ ఇదే పని.

పనితో అతడికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మసితోనే. వేళ్లకు అంటితే సబ్బుకు లొంగదు. లేబర్ క్యాంపులో అన్నం కలుపుకునేటప్పుడు పక్కవాడు ఆ వేళ్లవంక చూస్తే చాలు, హన్మాండ్లు చెయ్యి దాచుకుంటాడు. అందుకే కుడిచేతికి పాత రుమాలు చుట్టుకుని పనిచేస్తాడు. రుమాలుతో ఇంకో లాభం కూడా ఉంది. తుపాకి మీద వేలిముద్రలు పడవు.

అవును, అది తుపాకే. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, తలుపులూ కిటికీలూ చేసే ఒక రేకుల షెడ్డు వెనక, రంపపు పొట్టు బస్తాలకు అవతల ఉన్న చిన్న గదిలో అది తయారవుతోంది. ఎండలు ముదురుతున్న రోజులు. పొద్దున బస్సు దిగి లోపలికి వచ్చేసరికే రేకులు వేడెక్కి టిక్కు టిక్కుమంటుంటాయి. ముందరి షెడ్డులో మిగతా వడ్రంగులు విల్లాల తలుపులు కోస్తుంటారు. వెనక గదిలో హన్మాండ్లు ఒక్కడే. గడియ పెట్టుకుని పనిచేస్తాడు. పెట్టాక ఒకసారి లాగి కూడా చూస్తాడు.

నలభై దాటిన పొట్టి, గట్టి మనిషి. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ముక్క ఉంటుంది. కనుబొమలు కలిసిపోయి ఉండటం వల్ల నవ్వినప్పుడు కూడా లెక్క తప్పినవాడిలా కనిపిస్తాడు. ఎడమచేతి చిటికెన వేలు వంగదు. ఎవరైనా అడిగితే బాడిశ తగిలిందంటాడు. అనుమానం పెనుభూతమంటారు గానీ, హన్మాండ్లుకు అది పెంపుడు కుక్క. ఎక్కడికెళ్లినా వెంటే వస్తుంది. చాయ్‌లో ఈగ పడితే ఎవరు వేశారా అని చుట్టూ చూసే రకం. ఇంటి దగ్గర భార్య కిష్టవ్వ "నీ నీడను సుత నువ్వు నమ్మవయ్యా" అని నవ్వేది. నీడను ఎందుకు నమ్మాలో అతడికి నిజంగానే తెలియదు.

అలాంటివాడికి ఈ తుపాకి పని వచ్చిపడింది. చేయించేది వెర్నర్ అనే ముసలి జర్మన్ దొర. సిమెంటు ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చి, పని అయిపోయాక కూడా ఈ ఇసుకలోనే ఉండిపోయాడు. షెడ్డు యజమాని అర్బాబ్‌కు డేగల వేట పిచ్చి, ఈయనకు తుపాకుల పిచ్చి. అలా స్నేహం కుదిరి అర్బాబ్ ఆ గది ఇచ్చాడు. పోలీసుల దగ్గర అనుమతి కాగితం కూడా తెచ్చాడట. ఆ కాగితాన్ని హన్మాండ్లు చూడలేదు. చూసినా అరబ్బీ చదవలేడు. చదవగలిగినా నమ్మేవాడు కాదు.

పోనీ, ఇప్పటి తుపాకా అంటే అదీ కాదు. రెండువందల ఏళ్ల కిందట జర్మనీ దేశంలో పిట్టలు కొట్టడానికి వాడిన చెకుముకి తుపాకి. గొట్టం ఇంత పొడుగు. మొదట్లో ఎనిమిది పలకలుగా ఉండి, పోనుపోను గుండ్రమవుతుంది. దాని కింద అక్రోటు కట్టె మూతి దాకా సాగి, చివర నల్ల కొమ్ముముక్కతో ఆగుతుంది. మడమ దగ్గర చెంప ఆనించుకోవడానికి ఒక మెత్తటి ఉబ్బు. తూటా తుపాకులు దుకాణాల్లో దొరుకుతుంటే, రాయి గీకి నిప్పు పుట్టించి పేల్చే ఈ పాతకాలపు వస్తువును కొత్తగా చేసుకోవడం ఏ బుద్ధిమంతుడికైనా పుట్టే ఆలోచనేనా? ఊరకరారు మహానుభావులు. దీని వెనక ఇంకేదో ఉందని హన్మాండ్లు మొదటిరోజే తేల్చుకున్నాడు.

పైగా ఆ నిప్పు పుట్టించే ఇనుప యంత్రాన్ని వెర్నర్ 'లాక్' అంటాడు. లాక్ అంటే తాళం. తలుపుకు తాళం ఉంటుంది, పెట్టెకు ఉంటుంది. తుపాకికి తాళమేమిటి? తాళం ఉందంటే లోపల దాచేది ఏదో ఉన్నట్టే కదా!

తలుపు దడదడలాడింది. హన్మాండ్లు ఉలి పట్టుకున్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

"ఎవలది?"

"అరె, నేను. ఖాదర్‌ను. తియ్యి."

"ఒక్కనివేనా?"

"కాదు, బరాత్ దీస్కొని వచ్చిన. తియ్ రా బయ్, చాయ సల్లారుతుంది."

ఖాదర్ హుస్సేన్‌ది కోరుట్ల. షెడ్డుకు మేస్త్రీ, మాటకు ముందే నవ్వే మనిషి. అతడు నవ్వినప్పుడల్లా అర్బాబ్‌కు తన గురించి ఏం చేరవేస్తున్నాడో అని హన్మాండ్లు ఆలోచిస్తాడు. గ్లాసు అందుకుని వాసన చూసి పక్కన పెట్టాడు.

"పిట్టలదొర వస్తుండట ఇయ్యాల. ఫోన్ జేసిండు," అన్నాడు ఖాదర్. "పని ఖలాస్ జేద్దామంటుండు."

"ఇయ్యాల్నే ఎందుకట?"

"పాణం బాగుంటలేదట ఆయనకు. దావఖానల పండుకొమ్మన్నరట డాక్టర్లు. ఇంటడా! హాన్‌మాన్ ఉన్నడా అని అడిగిండు."

"నన్నెందుకడుగుడు?"

ఖాదర్ నెత్తి కొట్టుకున్నాడు. "తుపాకి జేసేది నువ్వాయె. నిన్నుగాక మీ తాతను అడుగుతడా?"

"మెల్లగ భాయ్, మెల్లగ!" హన్మాండ్లు తలుపువైపు చూశాడు. "గట్ల మొత్తుకుంటవేంది, నేను జేసిన నేను జేసిన అని!"

పిట్టలదొర అన్న పేరు ఖాదర్ పెట్టిందే. వెర్నర్ ఖాకీ నిక్కరు, పెద్ద టోపీ వేసుకుని మొదటిసారి షెడ్డులోకి వచ్చి, చేతులు తిప్పుతూ తుపాకి గురించి చెప్పినప్పుడు, కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాళ్లందరికీ ఒక్కడే గుర్తొచ్చాడు. ఖాకీ బట్టలు తొడిగి, భుజాన కట్టె తుపాకి పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి కోతలు కోసి నవ్వించి గింజలు అడుక్కునే పిట్టలదొర. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. హన్మాండ్లు మాత్రం నవ్వలేదు. అతడికి పిట్టలదొర పేరు వింటే చిటికెన వేలు సలుపుతుంది.

ఊళ్లో అతడు వడ్ల హన్మాండ్లు. నాగళ్లు, గుంటుకలు, బండి చక్రాలు చేసే ఇల్లు. తండ్రికి ఒక అలవాటు ఉండేది. ఏది చేసినా పైకి కనిపించనిచోట ఉలితో మూడు గాట్లు పెట్టేవాడు. "ఎవలికీ కానరాదు గదనే బాపూ, ఎందుకు?" అని చిన్నప్పుడు హన్మాండ్లు అడిగితే, "కట్టెకు ఎర్కుంటది బిడ్డా" అన్నాడు. తండ్రి పోయాక హన్మాండ్లు కూడా మూడు గాట్లు పెట్టాడు. సాయిలు అనే పిట్టలదొర వచ్చి ఒక తుపాకి చేసిపెట్టమంటే, టేకు కట్టెతో చేసి, మడమ కింద మూడు గాట్లు పెట్టి ఇచ్చాడు. పిల్లికి ఎలుక దొరికినట్టు అతడికి ముచ్చటైన పని దొరికింది. వెనక్కి లాగే గుర్రం, వేలితో నొక్కే మీట, గొట్టం అన్నీ అచ్చం నిజం తుపాకికి ఉన్నట్టే చెక్కాడు. అంత బాగా చెయ్యడమే కొంప ముంచింది.

అది సర్కారు ఆ తాలూకాను కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన ఏడాది. జీపులో వచ్చిన పోలీసులు సాయిలును పశువుల అంగట్లో పట్టుకున్నారు. ఇది అడవిలోవాళ్లు కవాతు నేర్చుకోవడానికి చేయించిన తుపాకి అన్నారు. పిట్టలదొర అంటే ఎవరో వాళ్లకు తెలియదు, చెబితే వినలేదు. మడమ తిరగేస్తే మూడు గాట్లు కనిపించాయి. అవి ఎవరి గుర్తో ఊళ్లో పసిపిల్లవాడైనా చెబుతాడు. "ఇది చేసిందెవడు?" అన్నారు. "నేన్ జెయ్యలే" అన్నాడు హన్మాండ్లు. అడిగినన్నిసార్లూ అదే మాట అన్నాడు. వేలు విరిగినప్పుడు కూడా అదే అన్నాడు. చివరికి పెద్దమనుషులు పూచీపడితే ఇద్దరినీ వదిలేశారు. సాయిలు మళ్లీ ఖాకీ తొడగలేదు. హన్మాండ్లు మళ్లీ గాట్లు పెట్టలేదు. ఎవరికీ చెప్పకుండా దుబాయ్ వీసాకు తిరగడం మొదలుపెట్టాడు.

తెలుగులో ఇదొక చిక్కు. తప్పు చేసినా చెయ్యడమే, తలుపు చేసినా చెయ్యడమే. రెంటికీ ఒకటే మాట. హన్మాండ్లుకు బతుకులో మిగిలిన కోరిక కూడా ఒకటే. ఇది చేసిందెవడు అని ఇంకెప్పుడూ, ఎవరూ తనను అడగకూడదు. అడిగారంటే మళ్లీ ఆ జీపు ఎక్కాల్సిందేనని అతడి నమ్మకం.

మధ్యాహ్నం నమాజు అయ్యాక వెర్నర్ వచ్చాడు. మనిషి ఎత్తరి. ఎండకు ఎర్రగా కమిలిన మెడ, తెల్లటి కనుబొమలు. ఆ రోజు పెదాలు కూడా తెల్లగా ఉన్నాయి. గుమ్మం పట్టుకుని కాసేపు ఆగి, జేబులోంచి ఒక మాత్ర తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. ఆ మాత్రల మీద హన్మాండ్లుకు ఎప్పటినుంచో కన్నుంది. మింగకుండా నాలుక కింద దాచుకునే మందు ఏ వైద్యుడిస్తాడు?

"హాన్‌మాన్!" అన్నాడు వెర్నర్, ఊపిరి కూడదీసుకుని. "సబ్ ఠీక్?"

"ఠీక్ సాబ్."

ఆ పిలుపు కూడా అనుమానమే. తుపాకిలో చెకుముకి రాయిని కరిచి పట్టుకునే ఇనుప మెడ ఒకటుంది. మనం దాన్ని గుర్రం అంటాం. జర్మన్‌వాళ్లు కోడిపుంజు అంటారట. వాళ్ల భాషలో కోడిపుంజంటే హాన్. వెర్నర్ మొదటిరోజే ఆ గుర్రాన్ని వేలితో తట్టి "హాన్", హన్మాండ్లు రొమ్మును తట్టి "హాన్‌మాన్" అని, మళ్లీ గుర్రాన్ని తట్టి పడిపడి నవ్వాడు. వెర్నర్‌కది శుభశకునం. తుపాకిలో తన పేరు ముందే ఉందని చెబుతున్నాడని హన్మాండ్లుకు అర్థమైంది. తుపాకిని భుజానికి ఆనించి చూడమని వెర్నర్ ఎన్నిసార్లు అడిగినా నడుం నొప్పి అన్నాడు.

వెర్నర్ తుపాకిని రెండు చేతులతో ఎత్తుకుని గుమ్మం వెలుతురులోకి తీసుకెళ్లాడు. దాన్ని చూసే పద్ధతి ఒకటుంది ఆయనకు. ముందు కళ్లతో చూస్తాడు, గొట్టం పక్కన కట్టె అంచు మీద వెలుగు ఎక్కడా విరగకుండా మూతిదాకా జారాలి. తర్వాత కళ్లు మూసుకుని బొటనవేలితో చూస్తాడు. గొట్టం వెనక కొస ముగిసేచోట కట్టె మీద ఒక ఆకు చెక్కి ఉంది. దానికి వెర్నర్ ఇచ్చిన నమూనాలో ఆకు కొనలు మెలికలు తిరిగి ఉన్నాయి. హన్మాండ్లు ఉలి కింద అది తెలియకుండానే మోదుగాకు అయి కూర్చుంది. తిడతాడనుకున్నాడు. వెర్నర్ ఆ రోజు దాన్ని చాలాసేపు చూసి కింద పెట్టేశాడు. అప్పటినుంచీ తుపాకి ఎప్పుడు ఎత్తినా ఆయన బొటనవేలు ముందు అక్కడికే వెళ్తుంది. ఎందుకో హన్మాండ్లుకు తెలియదు. లోపమేదో గుర్తుపెట్టుకుంటున్నాడనుకున్నాడు.

తాళం పలకను వెర్నర్ తానే గూటిలో పెట్టాడు. అది చిన్న చప్పుడు చేసి కూర్చుంది. తలలోంచి ఒక తెల్లవెంట్రుక పీకి సందులో దూర్చబోయాడు. వెంట్రుక వంగిపోయింది గానీ లోపలికి పోలేదు. ముసలాయన కళ్లు చెమర్చాయి. ఆ తాళం ఆయన తాత చేసింది. యుద్ధంలో ఇల్లు కూలితే శిథిలాల్లో దొరికింది అదొక్కటే. ఆ సంగతి చేతులతో, వచ్చీరాని హిందీతో ఎన్నోసార్లు చెప్పాడు. "ఘర్... బూమ్. దాదా ఖలాస్. యే మిలా." బాంబులు పడ్డ ఇంట్లో దొరికిన వస్తువంటే హన్మాండ్లుకు దానిమీద ఇంకాస్త భయం పెరిగింది.

వెర్నర్ పలకను మళ్లీ ఊడదీసి, లోపలివైపు చూపించాడు. మూలన చిన్న అక్షరం అచ్చుకొట్టి ఉంది, తాత గుర్తు. గొట్టం అడుగున గొట్టం చేసినవాడి గుర్తు. తర్వాత తవ్విన గూటి అడుగున నున్నటి కట్టె మీద వేలు పెట్టాడు.

"ఔర్ తుమ్. తుమ్హారా నామ్. ఇధర్."

ఇన్నాళ్లూ దాని కోసమే కాచుకుని ఉన్నట్టు ఆ మాట వచ్చింది. ఇదీ అసలు సంగతి! రేపు ఏదైనా జరిగితే తాళం విప్పుతారు, పేరు చదువుతారు, జీపు వస్తుంది.

"నై సాబ్."

"క్యోఁ? కోయీ నై దేఖ్తా." ఎవరూ చూడరు అన్నాడు వెర్నర్, మెల్లగా, పిల్లవాడిని బుజ్జగిస్తున్నట్టు. ఆయన మొహంలో కపటమేమీ కనిపించలేదు. కనిపించకపోవడంతో హన్మాండ్లుకు భయం రెట్టించింది. కాదంటే అర్బాబ్‌తో చెబుతాడు. ఔనంటే పేరు దొరికిపోతుంది. మూడు గాట్లు పెట్టి ఊరుకుందామా అంటే వేలు సలపరించింది. అప్పుడు మెరుపులా ఒక ఉపాయం తట్టింది. ఈయనకు తెలుగు రాదు!

చెవి మీది పెన్సిల్ తీసి గూటి అడుగున రాశాడు. సన్న ఉలి తీసుకున్నాడు. ఊరి బళ్లో నేర్చుకున్న అక్షరాలు, గుండ్రటివి, అక్రోటు కట్టెలో తిప్పడం కష్టం. ఊపిరి బిగబట్టి ఒక్కో సున్నా చుట్టాడు. చెక్కేటప్పుడు రుమాలు అడ్డం వస్తుంటే విప్పి పక్కన పెట్టాడు. చేతికి చెడగొట్టడం రాదు కదా, అబద్ధమైనా అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

నేన్ జెయ్యలే.

వెర్నర్ పొట్టు ఊది, కళ్లు మూసుకుని ఆ అక్షరాల మీద బొటనవేలు నడిపించాడు. ఒక చివరనుంచి ఇంకో చివరకు, తర్వాత మళ్లీ.

"హన్... మాండ్... లు," అన్నాడు చదువుతున్నట్టు. అంత పూర్తిగా, అంత పద్ధతిగా ఆ పేరును ఈ ఎడారిలో ఎవరూ పలకలేదు. "బహుత్ అచ్ఛా నామ్."

హన్మాండ్లు తల దించుకున్నాడు. గెలిచానన్న సంబరం రావలసింది, రాలేదు.

తాళం కూర్చోబెట్టి, అవతలివైపు నుంచి రెండు మరమేకులూ వెర్నర్ తన చేతులతోనే బిగించాడు. మందు లేదు, గుండ్లు లేవు. గుర్రాన్ని వెనక్కి లాగి మీట నొక్కాడు. చెకుముకి రాయి ఉక్కు మూతను గీరుకుంటూ పడింది. ఆ మసక గదిలో గుప్పెడు నిప్పురవ్వలు లేచి మందు పోసే చిప్పలోకి రాలాయి. హన్మాండ్లు నోటినుంచి తనకు తెలియకుండానే "అబ్బ!" అన్న మాట వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ ఒక్క క్షణం అనుమానమనే పెంపుడు కుక్క ఎటో వెళ్లింది.

వెర్నర్ కుర్చీలో కూలబడి తుపాకిని ఒళ్లో పెట్టుకున్నాడు. నుదురంతా చెమట. "చాయ్, హాన్‌మాన్. దో. తుమ్ భీ."

మూలమీద మలయాళీ హోటల్లో రెండు సులేమానీ చాయ్‌లు పోయించుకుని వస్తుంటే కుక్క తిరిగి వచ్చేసింది. తనను ఎందుకు బయటికి పంపాడు? ఇన్నాళ్లలో ఎప్పుడూ చాయ్ తెమ్మనలేదే! గదిలో ఒక్కడే ఉండి ఏం చేద్దామని? హన్మాండ్లు తలుపు దగ్గర ఆగి, రేకుల సందులోంచి కన్ను పెట్టి చూశాడు. వెర్నర్ కుర్చీలో అలాగే ఉన్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. బొటనవేలు మోదుగాకు మీద ఉంది. నిద్ర నటిస్తున్నాడు, తను చూడటం లేదనుకుని ఇప్పుడు లేస్తాడు, ఏదో తీస్తాడు. హన్మాండ్లు రెండు చేతుల్లో రెండు గ్లాసులతో అలాగే నిలబడ్డాడు. చాయ్ మీద ఆవిరి పోయింది. తర్వాత గ్లాసులు చల్లబడ్డాయి. వెర్నర్ లేవలేదు.

లోపలికి వెళ్లి "సాబ్" అన్నాడు. "సాబ్, చాయ్." భుజం ముట్టుకున్నాడు. తల ఒక పక్కకు ఒరిగింది.

తాను సందులోంచి కాపలా కాసినంతసేపూ ఆ ముసలాయన ఒక్కడే పోతూ ఉన్నాడో, అప్పటికే పోయాడో, హన్మాండ్లుకు ఎప్పటికీ తెలియదు. గ్లాసులు కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, "దొరా, దొరా" అంటూ ఏడ్చాడు. ఎందుకంత ఏడుపు వచ్చిందో అతడికే ఆశ్చర్యంగా ఉంది.

ఖాదర్ పరుగెత్తుకొచ్చాడు. ఆంబులెన్సు వచ్చింది. వెంట ఒక కుర్ర పోలీసు వచ్చి, ఆస్పత్రి డాక్టరు ముందే చెప్పిన జబ్బే అని విని, నాలుగు ముక్కలు రాసుకుని, చెమట తుడుచుకుంటూ నీడకు వెళ్లి నిలబడ్డాడు. ఖాకీ రంగు చొక్కా. హన్మాండ్లు ఆ చొక్కా తప్ప ఇంకేమీ చూడలేకపోయాడు.

అర్బాబ్ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. తెల్లటి దుస్తుల్లో, నెరిసిన గడ్డంతో, ఎక్కువ మాట్లాడని మనిషి. వెనక గదిలోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఖాదర్ ఆంబులెన్సు దగ్గర ఉన్నాడు. అర్బాబ్ ఖాళీ కుర్చీని చూసి "మిస్కీన్" అన్నాడు, పాపం అన్నట్టు. బల్ల మీది తుపాకిని ఎత్తి వెలుతురుకు పట్టాడు. చెయ్యి కట్టె వెంట జారి ఆకు దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత తలెత్తి హన్మాండ్లును చూశాడు.

"మిను సవ్వా హాదా?"

దుబాయ్ వచ్చినవాడు మొదట నేర్చుకునే మాటల్లో సవ్వా ఒకటి. సవ్వా అంటే చెయ్యడం. తప్పు చేసినా సవ్వానే, తలుపు చేసినా సవ్వానే. తెలుగులో ఉన్న చిక్కే అరబ్బీలోనూ ఉంది. ఇది చేసిందెవడు? గుమ్మంలో ఖాకీ చొక్కా ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, హన్మాండ్లు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"అనా మా సవ్వీ! అర్బాబ్, అనా మా సవ్వీ!"

అర్బాబ్ ఒక క్షణం అతడి మసి వేళ్లవంక చూశాడు. "అల్మానీ," అన్నాడు తనలో తాను, తల పంకించి. అంతా జర్మన్ చేతి పనే అన్నమాట. తుపాకిని తెల్ల దుప్పట్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కారు వైపు నడిచాడు.

ఖాదర్ ఎదురొచ్చి ఆయనతో రెండు మాటలు మాట్లాడి, మొహం మాడ్చుకుని గదిలోకి వచ్చాడు.

"ఏమన్నవ్ రా అర్బాబ్‌తోని?"

"నేన్ జెయ్యలే అన్న."

"నీ పాడుగాను! ఆయన అడిగింది తప్పు జేసినోడు ఎవడని కాదుర! ఇంత సక్కగ జేసిన చెయ్యి ఎవలదని అడిగిండు. మజ్లిస్‌ల, సుట్టాలు కూసునే అర్రల, గోడకు పెడ్తడట. నా దోస్త్ జేసిండు అని వచ్చినోళ్లకు చెప్పుకుంటడట. నువ్వు జేసినవ్ గదరా దాన్ని! ఎన్ని దినాలు జేసినవ్! ఆ ఆకు నీది గాదా?"

హన్మాండ్లు నోరు తెరిచాడు. తన తండ్రి చేసిన బండ్లు, తను చేసిన చక్రాలు, విల్లాల తలుపులు, అన్నీ కలిపినా ఆ తుపాకి ముందు తక్కువే. అంత మంచి వస్తువును ఇంకెప్పుడూ చెయ్యలేడు. ఆ సంగతి ఇప్పుడే, దుప్పట్లో చుట్టుకుపోయాక తెలిసింది. నాదే, ఆ తుపాకి నాదే అని షెడ్డంతా వినబడేలా అరవాలనిపించింది.

"నాదే భాయ్," అన్నాడు. "నేనే జేసిన."

"మరి పా! ఇప్పుడే పోయి చెప్పుదాం." ఖాదర్ అతడి చెయ్యి పట్టుకుని లాగాడు. "నమ్మకుంటే తాళం ఇప్పి చూపిద్దాం. నీ పేరు చెక్కిపిచ్చుకుంటనని దొర నాకు పొద్దుగాల ఫోన్ల సుత చెప్పిండు. లోపల నీ పేరున్నది గద, గంతకన్న సాక్ష్యం ఏం గావాలె?"

ఇసుకలో నాలుగడుగులు వేశాక హన్మాండ్లు ఆగిపోయాడు. ఖాదర్ లాగినా కదల్లేదు.

"వద్దు భాయ్."

"ఎందుకుర?"

తాళం కింద ఉన్నది పేరు కాదు. ఖాదర్‌కు తెలుగు చదవడం వచ్చు. ఇన్నాళ్లూ హన్మాండ్లు అందరినీ అనుమానించాడు, ఒక్కడు కూడా అతడికి ద్రోహం చెయ్యలేదు. చేసింది ఎవరో ఆ కట్టెకు తెలుసు.

"తాళం ఇప్పద్దు," అన్నాడు మళ్లీ. "చేతులు మొక్కుత భాయ్, ఇప్పద్దు."

కారు కదిలింది. వెనక సీటు మీద దుప్పటి కాస్త జారి తుపాకి తాళం బయటపడింది. వాలుతున్న ఎండ దాని మీద పడి మెరిసింది. ఇనుముకూ కట్టెకూ మధ్య వెంట్రుక దూరే సందు కూడా లేదు.